బిడ్డను చేతికివ్వడానికి పదిహేను వందలు: ఫిర్యాదు ఎవరి మీద చెయ్యాలి?

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి ఓ సోదరి రాశారు. పేరు, ఊరు, ఆసుపత్రి వివరాలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవి తీసేసి ఉత్తరం సారాంశం ఇస్తున్నాం.

ఆవిడ మండల కేంద్రంలో ప్రైవేటు బడిలో టీచరు. పదకొండు రోజుల కిందట చెల్లెలికి నొప్పులు మొదలైతే పడవలో రేవు దాటించి, ఇవతలి గట్టున 108 ఎక్కించి ఏరియా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆపరేషన్ చేసి మగబిడ్డను తీశారు. డాక్టర్లు బాగా చూశారనీ, వైద్యంలో వంక పెట్టడానికి లేదనీ ఆవిడే రాశారు. స్ట్రెచర్ తోసినందుకు వార్డుబాయ్ 300 రూపాయలు తీసుకున్నాడు. థియేటర్ గుమ్మం దగ్గర బిడ్డను గుడ్డలో చుట్టి పట్టుకున్న ఆయమ్మ, "మగపిల్లోడు, పదిహేను వందలు. ఆడపిల్లయితే వెయ్యే అడుగుదును" అంది. అంత నగదు లేదంటే తన కొడుకు నంబరుకు ఫోన్‌పే చెయ్యమంది. డబ్బు పడ్డాకే బిడ్డ చేతికొచ్చాడు. వార్డులో పక్క మార్చడానికి, మూత్రం సంచి తియ్యడానికి రోజుకు 100 చొప్పున ఐదు రోజులు. బయట మందుల షాపులో ఇంజెక్షన్లకు, కుట్ల దారానికి 1,160. ఇంటికి దింపే బండి లేదన్నారని రేవు దాకా ఆటోకు 700. మొత్తం నాలుగు వేలు దాటింది. వాళ్లమ్మగారు ఐదు రూపాయల వడ్డీకి ఐదు వేలు తెచ్చి సర్దారు.

డిశ్చార్జి రోజున రికార్డు గదిలో గుమస్తా, పుట్టిన వివరాలు పైకి పంపాలంటే వెయ్యి అవుతుందని, వచ్చేవారం రమ్మని చెప్పాడు. అది ఇంకా ఇవ్వలేదు.

ఆయమ్మ ఔట్‌సోర్సింగ్ మనిషి. నాలుగు నెలలుగా జీతం రాలేదనీ, వసూలైన దాంట్లో సగం పైకి పోతుందనీ ఆమే చెప్పుకుందట. మరిది వార్డులో 40 సెకన్ల వీడియో తీశాడు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తానంటున్నాడు. అమ్మ మాత్రం పురిటి ఖర్చు అనుకుని వదిలెయ్యమంటోంది. వీళ్లను ఆసుపత్రికి తీసుకొచ్చిన ఆశా కార్యకర్త స్వయానా పిన్ని, ఆమె ఉద్యోగానికి ఏమవుతుందోనని ఇంకో బెంగ. ఉత్తరం చివర మూడు ప్రశ్నలు: ఇది అవినీతి కేసా, మానవ హక్కుల కేసా? డబ్బిచ్చిన మేమూ దోషులమేనా? ఆ ఆయమ్మ పొట్ట కొట్టిన పాపం నాకు చుట్టుకోదా?

జవాబు:

అమ్మా, మీ మూడు ప్రశ్నల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బాబు పుట్టిన రోజు నుంచి లెక్క పెట్టండి. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్టూ ఉచితమే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు రిజిస్ట్రారుకు పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. గుమస్తా మీకు చేసిపెట్టే ఉపకారం ఏమీ లేదు, అది అతని రోజువారీ పని. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. అందుకే ఆ వెయ్యి రూపాయలకు అంత బలం వచ్చింది. ఒకవేళ 21 రోజులు దాటినా కంగారు పడొద్దు. 30 రోజుల లోపు చిన్న ఆలస్య రుసుముతో, ఏడాది లోపు పై అధికారి రాతపూర్వక అనుమతితో నమోదు అవుతుంది. గడువు దాటిపోతుందన్న భయంతో డబ్బు కట్టెయ్యొద్దు. ఈలోగా డిశ్చార్జి కార్డు, తల్లీబిడ్డ రక్షణ కార్డు, తల్లిదండ్రుల ఆధార్ నకళ్లు జతచేసి, వివరాలు ఇంకా పంపలేదని ఆసుపత్రి సూపరింటెండెంటు పేర ఒక అర్జీ రాసి స్పీడ్ పోస్టులో పంపండి. అందులో లంచం ఊసు ఎత్తొద్దు. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. ఆ పదిహేను వందలు అవినీతి నిరోధక శాఖ, అంటే ఏసీబీ లెక్కలో లంచం. మీ చెల్లెలి వైపు నుంచి చూస్తే, ప్రభుత్వం ఉచితమని రాసిచ్చిన హక్కుకు గుమ్మం దగ్గర రేటు కట్టి అమ్మడం. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, దూది నుంచి కుట్ల దారం దాకా సరంజామా, పరీక్షలు, అవసరమైతే రక్తం, అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు తిండి పెట్టాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి బండి ఇవ్వాలి. మన దగ్గర తిరుగు ప్రయాణానికే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. అంటే ఆయమ్మకిచ్చిన 1,500 ఒక్కటే కాదు, మందుల షాపులో కట్టిన 1,160, ఆటో 700 కూడా మీ లెక్కలోకి వస్తాయి. ఇక్కడో తేడా ఉంది. మందులు బయట కొనిపించడం, బండి లేదనడం వెనక లంచం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. స్టాకు నిజంగా అయిపోయి ఉండొచ్చు. లంచమని రుజువు కాకపోయినా హక్కు భంగమైనట్టే. అవినీతి ఫిర్యాదు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఈ సగం చేజారిపోతుంది.

రెండూ కలిపి చూడమనడం నా సొంత వేదాంతం కాదు. వ్యవస్థీకృతమైన అవినీతి దానంతటదే మానవ హక్కుల ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2012లో ఒక తీర్పులో చెప్పింది. ప్రభుత్వాసుపత్రి సకాలంలో చికిత్స ఇవ్వకపోతే రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కు భంగమైనట్టేనని అంతకు ముందే, 1996లో, పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది. బాలింతల విషయంలో మీకు దగ్గరగా వచ్చేది 2010 నాటి లక్ష్మీ మండల్ కేసు. పథకంలో రాసిన ప్రసూతి సేవలు పేద స్త్రీకి అందకపోవడం హక్కుల భంగమని ఢిల్లీ హైకోర్టు పరిహారం ఇప్పించింది. సమాచార హక్కు చట్టం 24వ సెక్షనైతే ఈ రెంటినీ ఒకే వాక్యంలో కట్టేసింది. గూఢచార సంస్థలకు ఆ చట్టం వర్తించదంటూనే, అవినీతి ఆరోపణలకూ మానవ హక్కుల ఉల్లంఘనకూ సంబంధించిన సమాచారానికి మాత్రం ఆ మినహాయింపు లేదంది. ఐక్యరాజ్య సమితి వాళ్లు కూడా అవినీతి వ్యతిరేక దినాన్ని డిసెంబరు 9న, మానవ హక్కుల దినాన్ని 10న పెట్టుకున్నారు, పక్కపక్క ఇళ్లలా.

రెండో ప్రశ్న దగ్గర జాగ్రత్తగా చదవండి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అయితే బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మినహాయింపుంది. ఇచ్చిన ఏడు రోజుల లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పాలన్నది షరతు. థియేటర్ గుమ్మం దగ్గర బిడ్డను పట్టుకుని అడగడాన్ని మించిన బలవంతం ఏముంటుంది? కానీ మీకు ఏడు రోజులు దాటిపోయాయి. అంతమాత్రాన మిమ్మల్ని ముద్దాయిలను చేసేస్తారని కాదు. మినహాయింపు అంత గట్టిగా నిలబడదు, అంతే. అందుకని ఆ పదిహేను వందల గురించి ఎక్కడ సంతకం పెట్టినా ముందు ఒక న్యాయవాదికి చూపించండి. దానికీ డబ్బక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దగ్గర్లోని కోర్టు ప్రాంగణంలో మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి.

గుమస్తా అడిగిన వెయ్యి సంగతి వేరు. అది మీరింకా ఇవ్వలేదు, కాబట్టి మీ మీద ఏ మచ్చా లేదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లు చెప్పినట్టు డబ్బు ఇస్తే అది నేరం కాదని చట్టంలోనే రాసి ఉంది. మీ చేతిలో ఉన్న బలమైన ముక్క ఇదే. మరిది వీడియో దానికి సాటి రాదు.

ఆ వీడియో ఎవరికీ పంపొద్దని మీ మరిదికి ఇవాళే చెప్పండి. అది బాలింతల వార్డు. వెనక మంచాల మీద పాలిస్తున్న తల్లులు, ఆపరేషన్ అయి బట్ట సరిగ్గా లేనివాళ్లు పడి ఉంటారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తేల్చారు. అలాంటి దృశ్యాలు తియ్యడం, పంచడం భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్, ఐటీ చట్టంలోని 66ఈ కిందికి రావచ్చు. మీ హక్కు కోసం బయల్దేరి పక్క మంచం ఆవిడ హక్కును తొక్కినట్టవుతుంది, పైగా ఆయమ్మ బదులు మీ మరిదే కేసులో ఇరుక్కుంటాడు. ఆధారంగా కూడా వాట్సాప్‌లో తిరిగిన నకలుకు విలువ తక్కువ. పంపిన ప్రతిసారీ ఫైలు కుదించుకుపోతుంది, ఎప్పుడు తీశారన్న వివరం పోతుంది. అసలు ఫైలు, తీసిన ఫోన్ రెండూ అలాగే ఉంచండి. ఫోన్ రీసెట్ చెయ్యొద్దు, మార్చొద్దు. కోర్టులో పెట్టాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఒక ధ్రువపత్రం జతచెయ్యాలి, అది న్యాయవాది చూసుకుంటారు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసి నాలుగు గడులు గీయండి. తేదీ సమయం, అడిగింది ఎవరు, ఎంత, ఏ సేవకు. నగదు ఇచ్చిన చోట చూసినవాళ్ల పేరు రాయండి. ఫోన్‌పే దగ్గర యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) రాసి, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ లైను తీయించండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. డబ్బు పడింది కొడుకు ఖాతాలో కాబట్టి, ఆ నంబరు ఆయమ్మ నోటితో చెప్పిందా, కాగితం మీద రాసిచ్చిందా, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది తప్పనిసరిగా రాయాలి. లేకపోతే రేపు కొడుకు 'నాకు చేబదులు తీర్చారు' అంటాడు, అక్కడితో సరి. మందుల షాపు బిల్లులతో పాటు డాక్టరు చీటీ కూడా దాచండి. ఆసుపత్రి చీటీ మీదే రాశారా, తెల్లకాగితం ముక్క మీద రాశారా అన్నదాన్ని బట్టి చాలా తెలుస్తుంది. జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే ఇది చెయ్యాలి. నెల తిరిగేసరికి మీలో మీకే అంకెలు కలవవు.

ఈ కాగితం చేతిలో పెట్టుకుని ఎటు వెళ్లాలన్నది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. ఏ దారిలో ఏం జరుగుతుందో చెబుతాను.

గుమస్తా విషయంలో ఏసీబీకి వెళ్లొచ్చు. 1064కు ఫోన్ చెయ్యొచ్చు, రాజమహేంద్రవరంలో వాళ్ల కార్యాలయం ఉంది. ఫిర్యాదు రాసుకుంటారు, అడిగిన మాట నిజమేనా అని ముందు వాళ్లే చూసుకుంటారు, తర్వాత వల పన్నుతారు. మీరు తెచ్చిన నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. అతను డబ్బు తీసుకున్నాక వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే అవి గులాబీ రంగుకు మారతాయి. ఇదంతా సినిమాల్లో చూసిందే, అయితే కేసు నిలిచేది గులాబీ నీళ్ల మీద కాదు. అతను నోరు తెరిచి అడగాలి. మీరు గదిలోకి వెళ్లీ వెళ్లగానే నోట్లు చేతిలో పెట్టేస్తే 'నేను అడగలేదు, ఆవిడే బల్ల మీద పెట్టి వెళ్లింది' అని తప్పించుకుంటాడు. 'బాబు కాగితం సంగతి ఏమైందండీ' అని మాత్రమే అడిగి ఆగండి. మిగతా మాట అతని నోట రావాలి. సూపరింటెండెంటు అర్జీలో లంచం ఊసు వద్దన్నది ఇందుకే. ముందే ఉప్పందితే అతను జాగ్రత్తపడతాడు, మీ పని ఒక్క పూటలో ఉచితంగా అయిపోతుంది కానీ తర్వాతి బాలింత దగ్గర మళ్లీ వెయ్యి అడుగుతాడు. మీకు కావాల్సింది సర్టిఫికెట్ ఒక్కటే అయితే ఆ ఉప్పు అందించడమే సుఖం, అందులో తప్పేమీ లేదు.

ఏసీబీ దారిలో మీరు మోయాల్సిన బరువు సాక్ష్యం. కేసు ఏళ్లు సాగొచ్చు. విచారణ రెండేళ్లలో ముగియడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, ఉద్యోగిని కోర్టుకెక్కించడానికి పైవాళ్లివ్వాల్సిన ప్రాసిక్యూషన్ అనుమతికి మూడు నెలల గడువుంది, అవసరమైతే ఇంకో నెల. మధ్యలో బంధువులు, ఊరి పెద్దలు వచ్చి రాజీ పడమంటారు. ఫిర్యాదుదారు మాట మార్చినా మిగతా సాక్ష్యాన్ని బట్టి శిక్ష వెయ్యొచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అలాగని మాట మార్చేవాళ్లు మొదటికే వెళ్లకపోవడం మేలు, ఎదుటి మనిషి ఉద్యోగం, స్వేచ్ఛ కూడా అందులో ఉంటాయి కదా.

రెండోది పరిపాలన దారి. ఏరియా ఆసుపత్రి మీద అజమాయిషీ జిల్లా ఆసుపత్రి సేవల సమన్వయాధికారిది, అంటే డీసీహెచ్‌ఎస్‌ది. చాలామంది జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు రాస్తారు, అది తిరిగి తిరిగి వస్తుంది. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. మీకైతే అమలాపురం. 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది. ఈ దారిలో త్వరగా కదలిక వస్తుంది, మీ పనులు అవుతాయి. కానీ చివరికి జరిగేది తరచుగా ఒకటే: ఏజెన్సీకి ఒక ఫోన్ వెళ్తుంది, ఆయమ్మను తీసేస్తారు, ఫైలు మీద 'చర్య తీసుకోబడినది' అని రాసేస్తారు. సగం ఎక్కడికి పోతోందన్నది ఎవరూ అడగరు.

మూడోది మానవ హక్కుల కమిషన్. రాష్ట్రానికీ ఒక కమిషన్ ఉంది. జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, రుసుము లేదు. సంఘటన జరిగిన ఏడాది లోపు వెళ్లాలి. రెండు చోట్లా ఒకేసారి వెయ్యొద్దు, ఒకటి చేపట్టిన విషయాన్ని ఇంకొకటి తీసుకోదు. పేరు లేని ఉత్తరాలు పక్కన పెట్టేస్తారు కానీ, బాధితురాలి తరఫున వేరొకరు రాయొచ్చు. కమిషన్ ఎవర్నీ జైలుకు పంపదు. నివేదిక తెప్పిస్తుంది, పరిహారం ఇమ్మని, పద్ధతి మార్చమని ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది. ఆయమ్మ పేరు లేకుండా, 'ఫలానా తేదీన ఫలానా ఆసుపత్రిలో నా చెల్లెలికి ఈ ఐదు సేవలు ఉచితంగా అందలేదు' అని రాయడానికి కుదిరే చోటు ఇది. జవాబు చెప్పాల్సింది అప్పుడు ఆసుపత్రి.

థియేటర్ దగ్గర ఒకామె 'మీ పేటోళ్లతో ఎప్పుడూ ఇదే గోల' అన్నదని ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యం రాసి దాటేశారు. దాటెయ్యొద్దు. పేట అంటే దళితవాడ కదా, పదిమంది వినేలా కులాన్ని ఉద్దేశించి అవమానించి ఉంటే అది ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద విడిగా నేరం. ప్రాథమిక విచారణ పేరుతో ఆపకుండా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. అన్న మాట అన్నట్టే రాయండి, మీరు కలిపిన మాట ఒక్కటి ఉన్నా మొత్తం చెడుతుంది.

ఇప్పుడు ఆయమ్మ. ఆమెకు జీతం రాలేదన్నది నిజమైతే అదీ హక్కుల భంగమే. అయినంత మాత్రాన కన్నతల్లికి, బిడ్డకు మధ్య నిలబడి ధర చెప్పడం ఒప్పు కాదు, ఆడపిల్లకు తక్కువ రేటు పెట్టడం అసలే కాదు. మీరు జాలిపడుతున్నారు, పడండి. ఆ జాలితో నోరు మూసుకుంటే మాత్రం లాభపడేది ఆమె కాదు. జీతం ఆపి, బాలింతల దగ్గర వసూలు చేసుకోమని వదిలేసి, అందులోనూ వాటా తినేవాడు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న సంస్థే ఇవ్వాలన్నది కార్మిక చట్టాల్లో ఎప్పటినుంచో ఉన్న నియమం. ఆమె కార్మిక శాఖకు వెళ్లడానికి దారుంది, బహుశా ఆమెకు తెలియదు.

మీరు చెయ్యగలిగింది సమాచార హక్కు దరఖాస్తు. ఆసుపత్రి ప్రజా సమాచార అధికారి పేర రాయండి: పారిశుధ్య, వార్డు సేవల ఏజెన్సీతో ఒప్పందం నకలు, మంజూరైన మనుషులెందరు, గత ఆరు నెలల హాజరు పట్టీలు, నెలనెలా ఏజెన్సీకి చెల్లించిన బిల్లులు, పీఎఫ్ చలాన్లు, కుట్ల దారం, మీరు బయట కొన్న ఇంజెక్షన్ల స్టాకు రిజిస్టరులో ఆ ఐదు రోజుల పేజీలు, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఆ రోజు తిరిగిన లాగ్‌బుక్ పేజీ. 'అవినీతి జరుగుతోందా' లాంటి ప్రశ్నలు వెయ్యొద్దు, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. రికార్డు నకలు మాత్రమే అడగండి. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికీ దిక్కులేకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్. బిల్లులో ఉన్న తలకాయలకు, హాజరు పట్టీలో ఉన్న తలకాయలకు లెక్క కుదరకపోతే అసలు దొంగతనం అక్కడుంది. ఈ దరఖాస్తు మీ పేరుతోనే ఉండాలని లేదు, ఏ పౌరుడైనా వెయ్యొచ్చు. మీ ఊరితో సంబంధం లేని స్నేహితురాలో, కార్మిక సంఘంవాళ్లో వేస్తే మీ మీదికి వేలు చూపించేవాళ్లుండరు.

ఈ వేలు చూపించడం గురించి దాచకుండా చెప్పాలి. ఫిర్యాదుదారులను కాపాడడానికి 2014లో చట్టం చేశారు గానీ దాన్ని అమలులోకి తీసుకురాలేదు. సాక్షుల రక్షణకు 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం ఉంది, బెదిరింపు వస్తే దాని కింద రక్షణ కోరవచ్చు. పల్లెటూళ్లో బెదిరింపు అంత గట్టిగా రాదు. 'మీ పిన్నిని రేపటి నుంచి రావద్దనండి' అన్నట్టుగా మెత్తగా వస్తుంది. మీ పిన్నిగారు ఆశా కాబట్టి ఆవిడ పైవాళ్లు పీహెచ్‌సీ, డీఎంహెచ్‌ఓ. ఏరియా ఆసుపత్రివాళ్లకు ఆవిడ మీద నేరుగా అధికారం లేదు. బాబు టీకాలూ అంతే, ఆరు వారాలకు వేసేది మీ ఊరి ఏఎన్‌ఎం. ఇంత ఉన్నా, ఆవిడను సాక్షిగా పెట్టకండి, ఆవిడ పేరు ఏ కాగితంలోనూ రాయకండి. గర్భిణులను ఆసుపత్రికి తీసుకొచ్చేది ఆవిడే, రేపు ఆ గేటు దాటి మళ్లీ వెళ్లాల్సిందీ ఆవిడే.

వదిలెయ్యడం కూడా ఒక దారే, మీ అమ్మగారి మాట తీసిపారెయ్యను. పచ్చి బాలింత ఇంట్లో ఉండగా కోర్టు, కలెక్టరేటు అంటూ తిరగడం అందరికీ సాధ్యం కాదు. అలా అనుకుంటే కనీసం ఆ నాలుగు గడుల కాగితం, బిల్లులు, స్టేట్‌మెంటు ఒక కవరులో పెట్టి దాచండి. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది గడువుంది కదా, ఆర్నెల్ల తర్వాత ఓపిక వస్తే అప్పుడు తియ్యొచ్చు. ఏసీబీ వల మాత్రం అంతవరకు ఆగదు. గుమస్తా అడిగిన పని పూర్తి కాకుండా ఉన్నంతవరకే దానికి ఆయువు. ఆ ఒక్క నిర్ణయం ఈ వారంలో తీసుకోవాలి, మిగతావాటికి తొందర లేదు.

రాసేటప్పుడు డాక్టర్లు బాగా చూశారన్న మీ మాట వదలకండి. ఉన్నదున్నట్టు రాసిన ఫిర్యాదును కొట్టిపారెయ్యడం కష్టం, ఆ ఆసుపత్రిలో మంచివాళ్లు మీ వైపు మాట్లాడటానికి కూడా సందు దొరుకుతుంది. పరిహారం అడిగే చోట నాలుగు వేలతో పాటు ఆ అప్పు మీద కట్టిన వడ్డీ కూడా తేదీల వారీగా వెయ్యండి. ఐదు వేలకు నెలకు 250 చొప్పున అదీ మీరు భరించిన నష్టమే.

ఈ గొడవలో పడి మీ చెల్లెలి ఒంటి సంగతి మర్చిపోవద్దు. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా ఫిర్యాదు చేశాం కదా ఏమంటారోనని ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి. ఆ ఆసుపత్రికే వెళ్లడం ఇష్టం లేకపోతే ఇంకో ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, డిశ్చార్జి కార్డు వెంట ఉంచుకోండి. గోదావరికి వరద వచ్చి రేవు కట్టేసే రోజులు దగ్గర్లో ఉంటే మాత్రం, నెల రోజులు ఆవిడను ఇవతలి గట్టున బంధువుల ఇంట ఉంచడం మంచిది.